చిన్నకారును బాగుచేసిన బాలుడు: బ్రూస్ మెక్లారెన్ చరిత్రము



ఇంటిలో గడియారము నిలిచిపోయినప్పుడును, సైకిలు చక్రము వంకరపోయినప్పుడును దానిని విప్పి చూడవలెనను కోరిక బాలబాలికలకు సహజముగ గలుగును. విప్పుట సులభము. విప్పినదానిని మరల యథాస్థానమున కూర్చుట కష్టము. కూర్చినదానిని మునుపటికంటె బాగుగ పనిచేయునట్లు చేయుట మరింత కష్టము. ఈ మూడవ పనిని చిన్నతనమున నొక చిన్న మోటారుకారువద్ద నేర్చుకొని, చనిపోవు దినమువరకు దానినే చేయుచుండిన యొకని చరిత్రమును మీకు చెప్పదలచితిని. అతని పేరు బ్రూస్ మెక్లారెన్.

బ్రూసు 1937వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన న్యూజీలాండు దేశమందలి ఆక్లండు నగరములో జన్మించెను. తండ్రి పేరు లెస్, తల్లి పేరు రూత్. ఆ నగరములోని రెమ్యూరా అను పేటయందు వారికి పెట్రోలు అమ్ముచు, మోటారు బండ్లను మరమ్మతు చేయు చిన్న గ్యారేజి యుండెను. తండ్రి యౌవనమున మోటారుసైకిలు పందెములలో పాల్గొనినవాడు. కమ్మరి యింటి బిడ్డకు సుత్తిచప్పుడు జోలపాట యైనట్లు, ఈ బాలునకు ఇంజను మ్రోతయు, గ్రీజు వాసనయు పుట్టినప్పటినుండి పరిచయములే.

అతనికి తొమ్మిదేండ్ల వయస్సున గొప్ప ఆపద వచ్చెను. నడకలో కుంటుట చూచి తలిదండ్రులు వైద్యులకు చూపగా, పెర్తీస్ వ్యాధియని తేలెను. తొడయెముక పైభాగమునకు రక్తప్రసారము తగ్గి, ఆ యెముక మెత్తబడి రూపము చెడుట ఈ వ్యాధి లక్షణము. కాలిపై బరువు పడకుండ దీర్ఘకాలము పరుండబెట్టుటయే ఆ దినములలోని చికిత్స. అందుచేత బ్రూసు టకపూనా అను చోట నుండిన విల్సను హోము అను పిల్లల వైద్యశాలలో చేర్చబడి, దాదాపు రెండేండ్లు అచ్చట గడపెను. తోటి బాలురు బంతియాటలాడు వయస్సున అతడు కట్టుపట్టీలతో బిగింపబడి మంచముననే యుండవలసివచ్చెను. ప్రాణమునకు భయము తప్పెను, నడకయు వచ్చెను. కాని ఎడమకాలు కుడికాలికంటె పొట్టిదయ్యెను. బ్రదికినంతకాలము అతడు కుంటుచునే నడచెను. తన దేహములో నొక భాగము సరిపడనిదని యెరిగిన బాలుడు ఇంటికి మరలివచ్చి తండ్రి గ్యారేజిలో అడుగుపెట్టెను.

ఇచ్చట ఒక చిన్నకారునుగూర్చి కొంత చెప్పవలెను. ఇంగ్లండులో హెర్బర్టు ఆస్టిను అను కార్ల నిర్మాత 1922లో సామాన్య కుటుంబములు కొనదగిన చిన్నకారును ప్రకటించెను. పదునెనిమిదేండ్ల స్టాన్లీ ఎడ్జి అను యువకుడు ఆయన యింటనే కూర్చుండి దాని పటములు గీసెను. అదియే ఆస్టిన్ సెవెన్. దాని ముందుచక్రములకును వెనుకచక్రములకును నడుమ దూరము 6 అడుగుల 3 అంగుళములు మాత్రమే. ఇంజనులో నాలుగు సిలిండర్లున్నను వాని మొత్తము పరిమాణము 747 ఘన సెంటీమీటర్లు. నిర్మాణము మిక్కిలి సరళమగుటచే, కొద్ది పనిముట్లు గలవాడు తన యింటి పెరటిలోనే దానిని విప్పి బిగింపగలిగెడివాడు. అందుచేత ఆ కారు ఔత్సాహికులకు బడియయ్యెను. 1929లో ఐర్లండునందలి అల్‌స్టరు ప్రాంతమున జరిగిన గొప్ప పందెములో ఈ చిన్నకార్లు పెద్దకార్లతో పోటీపడి మూడవ, నాలుగవ స్థానములను పొందెను. పందెములకై చేయబడిన రకమునకు ఆ ప్రాంతమునుబట్టి అల్‌స్టరు అను పేరు వచ్చెను.

బ్రూసునకు పదుమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున అతని తండ్రి అట్టి పాత అల్‌స్టరు కారు నొకదానిని 110 పౌనులకు కొనెను. కారనుటకంటె కారు ముక్కలనుట సత్యము. భాగములనేకములు పెట్టెలలో నుండెను. బాగుచేసి లాభమునకు అమ్మవలెనని తండ్రి తలంపు. ఒకమారు నడిపిచూచిన పిదప దాని నడక ఆయనకు నచ్చలేదు; ఎట్లైన వదలించుకొనవలెనని తలచెను. కుమారుడు బ్రతిమాలెను. ఆ కారు తనదిగా నుండవలెననియు, దానిని సరిచేయు పని తనకే ఒప్పగింపవలెననియు వేడుకొనెను. తండ్రి యాలోచించి అంగీకరించెను. ఆ యంగీకారమే ఈ చరిత్రమునకు మూలము.

అటుపిమ్మట బడి విడిచినతోడనే బాలుడు గ్యారేజిలో పానా చేతబట్టెడివాడు. అట్టి కారును సరిచేయుట యేమో మీరు తెలిసికొనుట మంచిది. సిలిండరు తలను విప్పి, కాలిన మసిని గోకివేయవలెను. వాల్వులను వాని పీటలపై పొడితో రుద్ది, గాలి చొరకుండ కూర్చుండునట్లు చేయవలెను. పెట్రోలు ఆవిరి ప్రవేశించు దారులను నున్నగ చేసినచో ఇంజను సులభముగ ఊపిరి పీల్చును. ఆవిరిని మరింత బిగువుగ నొక్కునట్లు తలను మార్చినచో బలము హెచ్చును. కాని ఇచ్చటనే వివేకము కావలెను. ఏలయన, ఆస్టిన్ సెవెన్ కారులోని క్రాంకు ఇరుసునకు రెండు కొనలయందు మాత్రమే ఆధారముగలదు; వేగము మితిమీరినచో అది నడుమ వంగి విరిగిపోవును. దాని బ్రేకులు ఇనుపతీగలతో లాగబడునవగుటచే ఒకవైపు బిగిసి, మరియొకవైపు వదులైనచో కారు ప్రక్కకు పోవును. ముందు ఇరుసు నడుమ నొక్క అడ్డకమాను మాత్రమే యుండుటచే, కీళ్లలో కొంచెము అరుగుదల యున్నను చక్రము చెప్పినమాట వినదు. ఒక భాగమునకు బలమిచ్చిన వెంటనే మరియొక భాగము యొక్క బలహీనత బయలుపడును. ఈ పాఠము పుస్తకములో చదివిన ఒకదినములో మరచిపోవచ్చును. చేతివ్రేళ్లు చెక్కుకొనిపోయి నేర్చినదానిని మరచుట దుర్లభము.

ఆ దేశపు చట్టము ప్రకారము 15 యేండ్లు నిండినవారికి కారు నడుపుటకు అనుమతి దొరకెడిది. అంతవరకు బ్రూసు ఇంటి వెనుకతోటలో పండ్లచెట్ల నడుమ కారును త్రిప్పుచు అభ్యాసము చేసెను. 1952లో మురివాయి అను సముద్రతీరమున జరిగిన కొండయెక్కు పందెమున ఆ అల్‌స్టరుతోనే ప్రవేశించి 750 ఘన సెంటీమీటర్ల తరగతిలో జయించెను. అట్టి చిన్నకారునే నడపుచుండిన ఫిల్ కెర్ అను బాలుడు అతనికి ప్రతిస్పర్ధియు, ప్రాణస్నేహితుడును అయ్యెను. అనేక సంవత్సరములు గడచిన తరువాత ఆ మిత్రుడే అతని సంస్థకు నిర్వాహకులలో నొకడై వచ్చెను.

బ్రూసు సాంకేతిక పాఠశాలయందును, పిదప ఆక్లండు విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు శాఖయందును చదివెను. పందెముల కార్లలో నేర్పు చూపుచుండుటచే, 1958లో న్యూజీలాండు పందెముల సంఘమువారు ఒక యువకుని ఐరోపాకు పంపుటకు ఏర్పరచిన విద్యార్థివేతనము మొట్టమొదట అతనికే లభించెను. ఇంగ్లండులో కూపరు అను చిన్న నిర్మాణశాలలో చేరి, జాక్ బ్రాభం అను ఆస్ట్రేలియా దేశీయుని ప్రక్కన పనిచేసెను. 1959 డిసెంబరు 12వ తేదీన అమెరికాలోని సెబ్రింగునందు జరిగిన గ్రాండ్ ప్రీ పందెములో కడపటి చుట్టున ముందున్న బ్రాభం కారునకు పెట్రోలు అయిపోయెను. వెనుక వచ్చుచుండిన బ్రూసు ముందునకు సాగి గెలిచెను. అప్పుడతని వయస్సు 22 సంవత్సరములు. అంత చిన్నవయస్సున గ్రాండ్ ప్రీ గెలిచినవాడను కీర్తి 2003వ సంవత్సరమువరకు ఆయనదే.

1963లో ఆయన తన పేరనే యొక సంస్థను స్థాపించెను. దాని మొదటి పనిశాల న్యూ మాల్డెను అను చోట నున్న మట్టినేల కొట్టము. బాటలు చదునుచేయు పెద్ద యంత్రమొకటి అందులోనే యుండెడిది. దాని ప్రక్కనే వీరు కార్లు చేసిరి. ఆ కాలపు సంగతి యొకటి మిత్రులు చెప్పుకొనెడివారు. ఆయన ఒక పందెపుకారును పరీక్షించుచుండగా, ముందుభాగమున పెట్రోలు పోయు మూతయొక్క చిన్నతలుపు ఎగిరెగిరి పడుచుండెను. వేగము హెచ్చుకొలది గాలి దానిని క్రిందికి అదుమవలెనని అందరి తలంపు. అది మాత్రము మరింత ఎగురుచుండెను. బిగించినవారిపై కోపపడవలసినచోట ఆయన ఆలోచించెను. రేకు క్రింద గాలి చిక్కుకొని పైకి నెట్టుచున్నదని గ్రహించి, కారును ఆపి, కత్తెర తీసికొని, రేడియేటరు వెనుక రేకును తన చేతితోనే కత్తిరించి, గాలి పోవుటకు దారి చేసెను. మరల నడపగా కారు మునుపటికంటె వేగముగ తిరిగెను. పెరటిలో అల్‌స్టరును విప్పిన బాలుడే కత్తెర పట్టిన ఈ యజమానుడు.

1966లో క్రిస్ ఏమన్‌తో కలిసి ఫోర్డు కారుపై లె మాన్ నగరపు ఇరువదినాలుగు గంటల పందెమును గెలిచెను. ఆ సంవత్సరమే మోనకోలో తన సంస్థ చేసిన కారు మొదటిసారి గ్రాండ్ ప్రీలో ప్రవేశించెను. 1968 జూన్ 9వ తేదీన బెల్జియము గ్రాండ్ ప్రీని తన పేరుగల కారుపై తానే నడపి గెలిచెను. ఉత్తర అమెరికాలోని కానమ్ పందెములలో బొప్పాయిపండు రంగు పూసిన ఆయన కార్లు 1967 మొదలు వరుసగా ఏలెను. 1969లో జరిగిన 11 పందెములును ఆ సంస్థవే.

1970 జూన్ 2వ తేదీన ఇంగ్లండులోని గుడ్‌వుడ్ మార్గమున ఆయన క్రొత్తకారును పరీక్షించుచుండెను. మిక్కిలి వేగముగ పోవుచుండగా వెనుకభాగపు కప్పు ఊడి లేచెను. కారును నేలకు అదిమియుంచు గాలి ఒత్తిడి ఆ క్షణముననే పోయెను. కారు గిరగిర తిరిగి ప్రక్కనున్న కాపలాగట్టునకు కొట్టుకొనగా బ్రూస్ మెక్లారెన్ అచ్చటనే మరణించెను. వయస్సు 32 సంవత్సరములు. భార్యయు, నాలుగేండ్ల కుమార్తెయు మిగిలిరి. దేహమును జన్మభూమికి కొనిపోయి ఆక్లండునందే సమాధి చేసిరి.

సంస్థ అంతటితో అంతరించునని లోకము తలచెను. ఆయన దేశీయుడును, జట్టులోని తోటి చోదకుడునైన డెన్నీ హల్మ్ కొలది దినములకు ముందే అమెరికాలో జరిగిన అగ్నిప్రమాదమున చేతులు కాలియుండెను. అయినను జూన్ 14వ తేదీన కట్టుగట్టిన చేతులతోనే కెనడాలో కారు నడపెను. ఆ పందెమును ఆ సంస్థ కారుపైనే డాన్ గర్నీ గెలిచెను. ఆ యేటి కానమ్ విజేత హల్మ్. 1974లో ఆ సంస్థ ఫార్ములా వన్ ప్రపంచ విజేతృత్వమును మొదటిసారి పొందెను; 2024లోను నిర్మాతల బహుమానమును గెలిచెను. వోకింగు పట్టణమునందలి దాని విశాలమైన కార్యాలయమున, ప్రపంచమును జయించిన కార్ల వరుసలో ఆ చిన్న అల్‌స్టరు కారునకును చోటియ్యబడినది.

పందెములకు పొండని నేను మీకు బోధింపను. ఆ మార్గమున ప్రాణములు పోవునని ఈ చరిత్రమే సాక్ష్యము. నేను కోరునది వేరు. విరిగిన వస్తువును చూచి పారవేయక, ఎందుకు విరిగెనో తెలిసికొనుడు. మూత ఎగిరినప్పుడు కోపపడక, ఏల ఎగిరెనో విచారింపుడు. బిగించిన ప్రతి మరను మరియొకమారు చేతితో తాకి చూడుడు. ఒక రేకు ఊడుటకు వెల ఎంతయో మీరిప్పుడు ఎరుగుదురు.

తలిదండ్రులకొక మనవి. కుంటి కొడుకునకు ప్రమాదకరమైన పని యేలయని ఆ తండ్రి కారును అమ్మివేసియుండవచ్చును. అమ్మక, ఒప్పగించి, ప్రక్కన నిలిచి నేర్పెను. అట్లు ఒప్పగించుటయును, ప్రక్కన నిలుచుటయును రెండును కావలెను; ఒకటి చాలదు. మన రక్షకుడును లోకమునకు బోధించుటకు ముందు అనేక సంవత్సరములు వడ్రంగి పనిముట్లు చేతబట్టెను. చేతిపనిని అల్పమని తలచు చదువు కుంటిచదువు. మన బాలబాలికలకు బుద్ధియు, చేతులును కలిసి పనిచేయు భాగ్యమును దేవుడు దయచేయును గాక.