శాంతి పథికుడు వినోబా

నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను వేరువేరు జిల్లాలుగా నున్న సీమ ఒకప్పుడు నైజాము రాజ్యములోనిది. అచ్చట వేలకొలది ఎకరముల భూమి దేశముఖుల చేతిలో నుండెను. పేదలకు వెట్టిచాకిరి తప్పెడిది కాదు. 1946వ సంవత్సరము జూలై 4వ తేదీన జనగామ ప్రాంతమందలి కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య అను యువకుడు దేశముఖు మనుషుల తుపాకిగుండునకు బలియయ్యెను. రైతుల ఆగ్రహము సాయుధపోరాటముగా మారెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన తరువాత కూడ ఆ పోరు చల్లారలేదు. ఒకవైపు సైనికులు, మరియొకవైపు దళములు. నడుమ పల్లెలు నలిగిపోయెను.

అట్టి సమయమున, 1951లో, బక్కపలుచని వృద్ధుడొకడు ఆయుధము లేక, కాలినడకన తెలంగాణమున ప్రవేశించెను. ఆయనయే ఆచార్య వినోబాభావే.

వినోబా 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్ర ప్రాంతమున గాగోదె గ్రామములో జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వినాయక. 1916లో పరీక్ష వ్రాయుటకు బొంబాయికి బయలుదేరి, నడుమ దారి మార్చుకొని కాశీకి పోయిరి. ఆ సంవత్సరముననే గాంధీజీని దర్శించి, ఆయన ఆశ్రమమున చేరిరి. రెండవ ప్రపంచయుద్ధములోనికి భారతీయులను వారి సమ్మతి లేకయే బ్రిటిషువారు దింపగా, యుద్ధమును శాంతముగా నిరసించుటకు 1940లో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహమును ప్రారంభించిరి. అందు మొదటి సత్యాగ్రహిగా ఎన్నుకొనినది వినోబానే. ఆయన పలుమారులు కారాగారమునకు పోయిరి. వెల్లూరు చెరసాలలో తెలుగుతో కూడ నాలుగు దక్షిణభాషలను అభ్యసించిరి.

1951 ఏప్రిలులో హైదరాబాదు సమీపమందలి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. వినోబా దానికి వార్ధా ప్రాంతమునుండి సుమారు 300 మైళ్లు నడచి వచ్చిరి. సమ్మేళనము ముగిసిన పిదప, చెరసాలలోనున్న కమ్యూనిస్టు ఖైదీలను కలిసికొని, కల్లోలిత గ్రామములకు బయలుదేరిరి. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లిలో 40 హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలెనని కోరిరి. వినోబా ఆ కోరికను గ్రామస్థుల ముందుంచిరి. వెంటనే వెదిరె రామచంద్రారెడ్డి లేచి, 100 ఎకరములు దానమిచ్చుటకు అంగీకరించిరి. ఆ సాయంకాలమే భూదానోద్యమము పుట్టెను.

ఐదుగురు కుమారులున్న ఇంట తన్ను ఆరవ కుమారునిగా నెంచి, ఆరవ భాగము పేదలకిమ్మని వినోబా భూస్వాములను కోరుచుండిరి. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో సాగిన ఆ పాదయాత్రలో 51 దినములలో 12,201 ఎకరములు లభించెను. అదే సంవత్సరము అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడెను. దానికి కారణములు పెక్కు కలవు. అయినను, వైరమునకు మూలమైన ఆకలిని ముందు తీర్చవలెనను సత్యమును వినోబా ఈ నేలపై ప్రత్యక్షముగా చూపిరి.

గ్రామమునకు పనికివచ్చిన మార్గము దేశములకేల పనికిరాదని వినోబా ఆలోచించిరి. 1957లో కేరళమున శాంతిసేనను స్థాపించిరి. ప్రతి 5,000 మంది జనులకొక శాంతిసైనికుడుండవలెనని వారి యోచన. దేశవిభజన నాటి గాయములు మానని కాలమున, 1962 సెప్టెంబరులో, తూర్పు పాకిస్తానము గుండ 16 దినములు నడచిరి. అచ్చటను భూమిలేనివారికి భూమి నిమ్మని అడుగగా, ఇచ్చువారు ముందుకు వచ్చిరి. మరుసటి నెలలో చైనాతో యుద్ధము సంభవించెను. 1963 మార్చిలో సర్వోదయ నాయకుడు శంకరరావు దేవ్ ఆధ్వర్యమున ఢిల్లీ నుండి పెకింగునకు మైత్రీయాత్ర బయలుదేరెను. చైనా అనుమతింపకపోవుటచే అది గమ్యము చేరలేదు.

ఇరుగుపొరుగు దేశముల యుద్ధములు ఆగుటకు వినోబా మరియొక సూచన చేసిరి. అఫ్ఘనిస్తానము, బర్మా, సింహళము మూడు కొనలుగా ఒక త్రికోణమును ఊహించి, దానిలోని దేశములన్నియు మైత్రీసమాఖ్యగా ఏర్పడవలెననిరి. ఏ దేశమును తన స్వాతంత్ర్యమును కోల్పోనక్కరలేదు; కాని ఒకరి భయమును మరియొకరు తీర్చవలెను. ఆ సూచనను ప్రభుత్వములు స్వీకరింపలేదు. 1965లోను, 1971లోను భారత పాకిస్తానములు మరల పోరాడెను.

భూదానములో లభించిన భూమి యంతయు పేదలకు చేరలేదు. కొంత సాగునకు పనికిరానిది. కొంత వివాదములలో చిక్కుకొనెను. అయినను సుమారు 13 సంవత్సరములు దేశమంతట నడచి, పదవియు సైన్యమును లేని ఒక పౌరుడు లక్షలాది ఎకరములు సేకరించుట లోకమునకు ఆశ్చర్యము కలిగించెను. 1982వ సంవత్సరము నవంబరు 15వ తేదీన వినోబా పౌనారు ఆశ్రమమున దేహము చాలించిరి. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము నిచ్చెను.

బాలబాలికలారా! సంధిపత్రములపై సంతకము చేయువారు పాలకులే. కాని పొరుగువాని గడపకు నిర్భయముగా, రిక్తహస్తములతో నడచిపోవుటకు ఎవరి యాజ్ఞయు అక్కరలేదు. కడవెండి నేలపై పడిన నెత్తురును, పోచంపల్లిలో లభించిన దానమును కలిపి తలచుకొనుడు. న్యాయము లేని చోట శాంతి నిలువదనియు, న్యాయమునకు మార్గము ద్వేషమే కానక్కరలేదనియు మీకు బోధపడును.