తోటివారికి చోటిచ్చిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు, తక్కువ హోదా గల ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది.

అమెరికాలో ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రూపొందించారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, అనంతరం పరిశోధనలకు సారథ్యం వహించారు. తనకు దక్కని అవకాశాలను అక్కడ తోటివారికి కల్పించారు. ఫోలిక్ ఆమ్లం తయారీని 1945లో వెల్లడించిన పత్రంలో 16 మంది పేర్లున్నాయి. సారథి పేరు వారి నడుమ ఒకటిగానే నిలిచింది. విశ్వవిద్యాలయం నుంచి విరమణ పొంది, డెబ్బై ఏళ్లు పైబడిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆ ప్రయోగశాలలోనే ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ వర్గంలో అదే తొలి ఔషధం. 1948లో దాన్ని లోకానికి వెల్లడించిన ఘనత డగ్గర్‌కే దక్కింది. బాలల ల్యుకేమియాకు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ కూడా ఈ బృందం కృషి ఫలితమే.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన బృందం రూపొందించిన డైఇథైల్ కార్బమజైన్ మాత్రలు ఝార్ఖండ్ సహా పలు రాష్ట్రాల్లో బోదకాలు నివారణకు నేటికీ ఇంటింటికీ చేరుతున్నాయి.