రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు



మన గ్రామములనుండి బ్రదుకుతెరువుకై హైదరాబాదు చేరిన కుటుంబములు అనేకము దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో కాపురమున్నవి. అచ్చట చదువు చెప్పు కేంద్రములకు కొదువ లేదు. బడి విడిచిన బిడ్డ పలకారము తినీ తినకమునుపే ట్యూషనుకు పోవలెను. తోటివానితో కలిసి ఆడుటకు, ఓటమి నోర్చుకొనుటకు, నలుగురిలో బెదరక మాటాడుటకు వానికి గడియ చిక్కుట లేదు. మార్కులు వచ్చుచున్నవి గదా అని తలిదండ్రులు సంతోషింతురు. మేము అంతగా సంతోషింపజాలము.

ఈ లోటును వెనుకటి తరములోనే కనిపెట్టినవారు న్యాయపతి రాఘవరావుగారు. వారు 1905లో బరంపురములో జన్మించిరి. 1938లో మదరాసులో ఆకాశవాణి కేంద్రము తెరువబడిన పిమ్మట తెలుగు పిల్లల కార్యక్రమమును చేపట్టి, భార్య కామేశ్వరిగారితో కలిసి నడిపిరి. ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. మాస్టారని గాని అయ్యగారని గాని కాక అన్నయ్య యని పిలుచుటలోనే సగము భయము తీరునని మా తలంపు.

అయితే రేడియోలో వినుటతో పిల్లల కేమి చాలును? 1940లో వారు ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. అచ్చట పాటలు, నాటికలు, కథలు, ఆటలు. వీటిని కాలక్షేప మనుకొనువారు ఒక్కసారి యోచింపవలెను. నాటికలో ప్రతి బిడ్డయు తన వంతు వచ్చువరకు కాచుకొనవలెను. ప్రక్కవాడు మాట మరచిన అందించవలెను. రాజు వేషము తనకు రాకున్నను బంటు వేషము చక్కగా వేయవలెను. సిగ్గరి పిల్ల గుంపుపాటలో గొంతు కలిపి, కొన్నాళ్లకు ఒంటరిగా పాడుటకు తెగించును. ఇది పలకమీద వ్రాసి నేర్పునది కాదు.

ఇంగ్లండులో గ్లాస్టరు పట్టణమున రాబర్టు రెయిక్సుగారు 1780లో ఆదివారపు బడిని ఆరంభించినది, వారమంతయు పనిచేయు పేద బిడ్డలకు అక్షరములు నేర్పుటకు. ఆ బిడ్డలకు చదువు కరవు. ఈనాటి పట్టణపు బిడ్డలకు ఆట కరవు.

1945లో ఈ దంపతులు ‘బాల’ పత్రికను వెలువరించిరి. పిల్లలు వ్రాసినవియు గీసినవియు అందులో అచ్చయ్యెను. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథ వచ్చినది అందులోనే. బాపుగారును చిన్ననాడు దానికి బొమ్మలు వేసిరి. అందరు బిడ్డలును అంతటివారు కాలేదు, కానక్కరయు లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట వారు హైదరాబాదు వచ్చి, నారాయణగూడలో సంఘమును కొనసాగించిరి. అది దిల్‌సుఖ్‌నగరుకు కొద్ది మైళ్ల దూరమే. కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను కన్నుమూసిరి. తుదివరకు వారిని పిల్లలేగాక, ఆ పిల్లలు పెరిగి తలిదండ్రులైన తరువాత వారును అన్నయ్య, అక్కయ్య యనియే పిలిచిరి.