బొమ్మల రణరంగము : హెచ్. జి. వెల్స్ జీవితము

చతురంగబలములను పలకపై నిలిపి పోరు సలుపు వినోదము మన దేశమున ప్రాచీనమైనది. రథ గజ తురగ పదాతులకు మారుగా సీసపు సైనికులను, ఫిరంగిబొమ్మలను నిలిపి ఆ వినోదమునకు నవీనరూపము నొసగినవారిలో ముఖ్యుడు ఆంగ్లరచయిత హెర్బర్ట్ జార్జ్ వెల్స్. ఉక్కుకవచముగల యుద్ధశకటము రణరంగమున కనిపింపకపూర్వమే దానిని కథలో నడిపించినవాడు కూడ ఆయనయే. ఆయన జీవితమును సంగ్రహముగా విద్యార్థుల ముందుంచుచున్నాము.

వెల్స్ 1866 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫ్ చిన్న పింగాణిసామానుల దుకాణము నడుపుచు క్రికెట్ ఆడి కొంత సంపాదించువాడు. తల్లి సారా ధనికుల యిండ్లలో పనిచేసినది. 1874లో కాలు విరిగి మంచముపట్టిన బాలునకు పుస్తకములే లోకమును చూపినవి. పేదరికమువలన 1881లో అతనిని బట్టలకొట్టులో పనికి కుదిర్చిరి. ఆ పని అతనికి చెరవలె తోచెను. 1883లో దానిని విడిచి, మిడ్‌హర్స్ట్ పాఠశాలలో చదువుచు చదువు చెప్పు పనిలో చేరెను. మరుసటి యేట విద్యార్థివేతనము పొంది లండనులో హక్స్‌లీ పండితునికడ జీవశాస్త్ర మభ్యసించెను.

1895లో వెలువడిన ‘కాలయంత్రము’ ఆయనకు కీర్తి తెచ్చెను. 1903లో స్ట్రాండ్ పత్రికలో ఆయన వ్రాసిన కథయందు, కందకములలో చిక్కి కదలని రెండు సేనల నడుమ ఇనుపకోటలవంటి శకటములు దొరలి వచ్చి జయము నిర్ణయించును. పదుమూడేండ్లకు, 1916 సెప్టెంబరు 15న, సోమ్ రణక్షేత్రమున బ్రిటిషు టాంకులు మొదటిసారి నడిచెను. కథలోని శకటములకు పాదములుగల చక్రములు; నిజమైన టాంకులకు గొలుసుపట్టీలు. భేద మంతమాత్రమే కాదు గాని, ఊహ యొక్కటే.

1913లో ఆయన ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమును ప్రకటించెను. నేలపై పుస్తకములతో, కొయ్యముక్కలతో ఇండ్లు, గుట్టలు నిర్మించి బొమ్మసేనలను నడుపు విధాన మందు గలదు. పదాతి ఒక అడుగు, అశ్వికుడు రెండడుగులు కదలవలెను. స్ప్రింగుఫిరంగితో కొయ్యగుండు పేల్చి శత్రువును పడగొట్టవలెను. ఫిరంగి చెంత నలుగురైన లేనిచో అది పేలరాదు.

ఆ ఆటలో టాంకులు లేవు. అవి తరువాతివారు చేర్చినవి. నేడు చరిత్రానుసారముగా ఆడువారు టాంకుబొమ్మల నెన్నుకొనుట కూడ చరిత్రపాఠమే. డెబ్బదిరెండవ వంతు కొలతలో, తోకచక్రములు మినహాయించిన తొలి బ్రిటిషు టాంకు నాలుగున్నర అంగుళములకు లోపే యుండును. తక్కిన బొమ్మలన్నియు నదే కొలతలో నుండవలెను. 1916 నాటి పోరునకు వెనుక తోకచక్రములుగల తొలి రకమే తగును. తిరుగు బురుజుగల ఫ్రెంచి రెనో టాంకు 1918లోగాని యుద్ధమునకు రాలేదు. జర్మనులు స్వయముగా నిర్మించిన ఏ7వి టాంకులు ఇరువది మాత్రమే. కావున జర్మనుసేనకు టాంకులబారు నిలిపినచో చరిత్ర తప్పును. అందమైన బొమ్మ వేరు, తగిన బొమ్మ వేరు.

బొమ్మలతో పోరాడిన వెల్స్ నిజమైన యుద్ధమును మెచ్చలేదు. బొమ్మయుద్ధమున ఎవరును చావరనియు, నిజమైన యుద్ధము మానవుని బుద్ధికి మించిన ఖరీదైన ఆట యనియు ఆ పుస్తకముననే హెచ్చరించెను. మరుసటి యేటనే మహాసంగ్రామము మొదలయ్యెను. ఆ యుద్ధముతో యుద్ధములే అంతరించునని ఆయన ఆశించి సమర్థించెను. ఆ ఆశ ఫలింపలేదు. తాను 1914లోనే నవలలో ఊహించిన అణుబాంబు 1945లో హిరోషిమాపై పడుటను చూచి, 1946 ఆగస్టు 13న లండనులో కన్నుమూసెను.

విద్యార్థులారా, ఊహాశక్తి గొప్పది. అది ఉక్కుశకటమును గూడ ముందుగా చూడగలదు. అయితే బొమ్మ పడిన తిరిగి నిలుపవచ్చును, మనిషి పడిన నిలుపలేము. ఈ భేదము నెరిగి ఆడిన ఆటయే విద్య యగునని మా విశ్వాసము.