సలీం అలీ నోటుబుక్కు

పాత డేటా లేకపోతే ఏ మోడలూ పనిచేయదని మాకు క్లాసులో మొదటి రోజే చెప్పారు. ఆ మాట నాకు నిజంగా అర్థమైంది మాత్రం సలీం అలీ గురించి చదివాక.

ఆయన 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. చిన్న వయసులోనే అమ్మానాన్నలు పోతే మేనమామ ఇంట్లో పెరిగారు. ఓ రోజు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకోవాలని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లారు. సెక్రటరీ మిల్లర్డ్ దాని పేరు చెప్పి, అక్కడ దాచిన పక్షుల నమూనాలన్నీ చూపించారు. అంతే, ఆ పిల్లాడి దారి మారిపోయింది.

చదువులో ఆయన టాపరేం కాదు. కాలేజీ మొదటి ఏడాదే మానేసి కుటుంబ వ్యాపారం కోసం బర్మా వెళ్లారు. తిరిగొచ్చి జువాలజీ చదివినా, యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1926లో మ్యూజియంలో గైడ్ లెక్చరర్ అయ్యారు. తర్వాత బెర్లిన్ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొస్తే, నిధుల్లేవని ఆ పోస్టే తీసేశారు!

ప్లేస్‌మెంట్ రాకపోతే జీవితం అయిపోయిందనుకునే మనకి అసలు కథ ఇక్కడే ఉంది. భార్య తెహ్మీనాతో కలిసి సముద్రం ఒడ్డున కిహిం అనే పల్లెకి వెళ్లి, గిజిగాళ్ల గూళ్లని గమనిస్తూ కూర్చున్నారు. మగపిట్ట సగం గూడు కట్టి ఆపుతుందని, ఆడపిట్టకి నచ్చితేనే పూర్తి చేస్తుందని, ఆ తర్వాత ఇంకో గూడు మొదలుపెడుతుందని ఓపిగ్గా చూసి రాశారు.

తర్వాత జీతం వద్దు, ఖర్చులిస్తే చాలని సంస్థానాల్లో పక్షుల సర్వేలకి దిగారు. మొదటిది మన హైదరాబాద్ సంస్థానమే, 1931–32లో. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్. ఏ పిట్ట, ఏ చోట, ఏ తేదీన... అన్నీ నోట్ చేసేవారు. అప్పటి పద్ధతి ప్రకారం నమూనాల కోసం పక్షుల్ని కాల్చేవారు కూడా. అది చదివినప్పుడు నాకు ఇబ్బందిగానే అనిపించింది.

1939లో తెహ్మీనా చనిపోయారు. ఆయన పని ఆపలేదు. 1941లో ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. రిప్లీతో కలిసి 10 సంపుటాల హ్యాండ్‌బుక్ రాశారు. భరత్‌పూర్ చిత్తడి నేలల కోసం, సైలెంట్ వ్యాలీ అడవి కోసం గొంతెత్తారు. 1986లో, ఇక లేదనుకున్న కలివికోడి మన కడప జిల్లాలో సొసైటీ వాళ్లకి మళ్లీ కనిపించింది. ఆ మరుసటి ఏడాదే, 90 ఏళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు.

ఇప్పుడు భూమి వేడెక్కుతుంటే కొండల్లో కొన్ని పక్షులు చల్లదనం కోసం పైపైకి జరుగుతున్నాయి. శిఖరం దాకా వెళ్లాక ఇంకెక్కడికి పోతాయి? వాటిని కాపాడాలంటే ముందు ఎవరు జరిగారో తెలియాలి. జరిగారని తెలియాలంటే ఇదివరకు ఎక్కడుండేవారో తెలియాలి. ఆ జవాబు ఆయన లాంటివాళ్ల నోటుబుక్కుల్లో ఉంది. ఉద్యోగం లేని రోజుల్లో రాసుకున్న లెక్కలే ఈరోజు సాక్ష్యం.

నిన్న పొద్దున మా హాస్టల్ వెనక వేపచెట్టు మీద మూడు గోరింకలు, ఒక కోకిల. తేదీ, టైమ్ వేసి ఈబర్డ్ యాప్‌లో ఎక్కించా. ఇంకో యాభై ఏళ్లకి ఎవరికైనా పనికొస్తుందేమో. రేపు ఆరింటికి మీరూ రండి, కలిసి లెక్కపెడదాం.