చెన్నపట్టణములో చిన్న రాబడి

పల్లెనుండి పట్టణమునకు చదువుకొనవచ్చిన బాలునికి మొదట ఎదురగునది విద్య కాదు, వెచ్చము. ఊరిలో పెరటి కూరకు వెల లేదు. బావినీటికి వెల లేదు. చుట్టముల ఇంట ఒక పూట భోజనమునకు లెక్క లేదు. పట్టణమున నిలువనీడకు అద్దె, వంటచెరకునకు రొక్కము, కాలు కదపినచో బండికూలి. రాబడి కొలదిది, అక్కరలు కొండంతలు. ఈ లెక్క చూచుకొననివాడు అప్పులలో దిగబడును. ఈ లెక్క తప్ప మరేదియు చూడనివాడు తాను పట్టణమునకు వచ్చిన పనినే మరచిపోవును. ఈ రెండు ప్రమాదములకును నడుమ సన్నని బాట యొకటి కలదు. ఆ బాట వెంబడి నడచి, పేద విద్యార్థి దశనుండి రాష్ట్రపతి పదవి వరకు పోయినవారు డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్. వారి పదవుల పట్టిక పాఠశాల బాలురకెల్లరకు కంఠస్థమే. ఆ పట్టికకు ముందున్న ముప్పది యేండ్ల జీవితమే ఉపాధ్యాయునకును విద్యార్థికిని ఎక్కువ పనికివచ్చునది.

సర్వేపల్లి నెల్లూరు సీమలోని గ్రామము. రాధాకృష్ణన్ గారి పూర్వులు అచ్చటినుండి కదలి తిరుత్తణి ప్రాంతమున స్థిరపడిరి. ఊరు విడిచినను ఊరి పేరు విడువలేదు. అదే ఇంటిపేరై నిలిచినది. 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో వారు జన్మించిరి. తిరుత్తణి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరి, 1960లో మదరాసు రాష్ట్రమునకు పోయినది. తండ్రి వీరాస్వామి గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. సంసారము పెద్దది, జీతము చిన్నది. తిండికి లోటు రాకుండ దినములు గడుపుటయే ఆ యింట గొప్ప నేర్పు.

ఎనిమిదవ యేట, అనగా 1896లో, బాలుడు తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలో చేరెను. అచ్చట నాలుగేండ్లు చదివెను. తిరుపతి యాత్రికుల ఊరు. కొండకు పోవు ధనికుడును, కాలినడకను వచ్చిన కూలివాడును ఒకే మెట్ల దారిని ఎక్కవలసినవారే. కానుకల కొప్పెరలో బంగారము పడుచుండును. ఆ ప్రక్కనే సత్రములలో పేదవాడు ఒక విస్తరితో తృప్తి పడుచుండును. సంపదయు సాదాతనమును ఇంత చేరువగా కనుపించు ఊళ్లు అరుదు. ఇక పాఠశాలలో బోధించువారు క్రైస్తవ మిషనరీలు. ఇంటిలో విన్న ధర్మము వేరు, బడిలో విన్న ధర్మము వేరు. ఆ రెండును కలిసి బాలుని మనస్సున ఒక ప్రశ్నను నాటినవి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే తరువాత ఆయన జీవిత వృత్తియైనది.

1900లో తిరుపతి విడిచి వేలూరు చేరి, ఊరీసు కళాశాలలో నాలుగేండ్లు చదివిరి. ఆ కాలపు ఆచారము చొప్పున చిన్న వయసుననే శివకామమ్మ గారితో వివాహము జరిగినది. చదువునకు ఆధారము తండ్రి జీతము కాదు, విద్యార్థి వేతనములు. ఈ సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది. తెలివి ఎంత ఉన్నను, ప్రతి మెట్టునను ఎవరో ఒకరు ఆ తెలివిని గుర్తించి నాలుగు రూపాయలు చేయూత నిచ్చి ఉండకపోయినచో, ఆ బాలుడు తిరుత్తణి తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా నిలిచిపోయి యుండెడివాడు.

పదునారేండ్ల ప్రాయమున మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. ఆ కళాశాల అప్పుడు నగరము నడుమ, ఉన్నత న్యాయస్థానమునకు ఎదురుగా ఉండెడిది; తాంబరమునకు తరలినది 1937లో. దక్షిణ దేశమునకంతకును చెన్నపట్టణమే రాజధాని. విద్యుత్తు ట్రాములు 1895 నుండియే వీధులలో తిరుగుచుండెను. వర్తకులు, వకీళ్లు, పెద్ద ఉద్యోగులు కాపురముండు నగరమున ధరలు వారి సంపాదనను బట్టియే ఉండును. పల్లెటూరి గుమాస్తా కుమారుని సంపాదనను బట్టి ఉండవు. పైగా 1906 అక్టోబరులో ఆర్బత్‌నాటు బ్యాంకు దివాలా తీసి, వేలాది మధ్యతరగతి కుటుంబముల కూడబెట్టిన సొమ్మును మ్రింగివేసినది. పొదుపు చేసినవాడు కూడ నిశ్చింతగా నిద్రపోలేని దినములవి.

అయినను ఆ నగరమే పేద విద్యార్థికి కొన్ని ద్వారములను తెరచి యుంచినది. 1896లో కన్నెమరా గ్రంథాలయము ఏర్పడినది. 1900లో మూర్ మార్కెట్టు వెలసి, పాత పుస్తకములకు పేరు పొందినది. ఖరీదైన పట్టణములో కొన్ని గొప్ప వస్తువులు చౌకగనో ఉచితముగనో దొరకును. ఏవి దొరకునో తెలిసికొన్నవాడు అచ్చట ధనవంతుని వలెనే జీవింపగలడు.

రాధాకృష్ణన్ గారి జీవితమును మలుపు త్రిప్పినదియు అట్టి ఉచిత వస్తువే. పట్టపు తరగతిలో ఏ విషయమును చదువవలెనో నిశ్చయించుకొనవలసి వచ్చినది. సంపన్నుడైన విద్యార్థి తన అభిరుచిని అడుగును. పేద విద్యార్థి పుస్తకముల ధరను అడుగును. ఆ సమయమున వారి బంధువొకడు, జ్ఞాతి వరుసవాడు, అదే కళాశాలలో పట్టము పొంది బయటికి వచ్చెను. అతడు చదివినది తత్త్వశాస్త్రము. తనకిక అక్కరలేని పుస్తకములను అతడు రాధాకృష్ణన్ గారికి ఇచ్చివేసెను. పుస్తకములు చేతికి వచ్చినవి గనుక తత్త్వశాస్త్రమే చదువవలసిన విషయమైనది. ప్రాచ్య తత్త్వమును పాశ్చాత్య లోకమునకు వివరింపనున్న మహా పండితుడు తత్త్వశాస్త్రమున అడుగు పెట్టినది ఈ విధముగా, కొనకుండ దొరకిన పుస్తకముల వెంట.

ఇచ్చట ఒక సూక్ష్మము ఉన్నది. లేమి వలన ఆయన విషయమును ఎన్నుకొనిరి. కాని ఎన్నుకొన్న పిదప లేమిని సాకుగా చేసికొనలేదు. దొరకినదానితో సరిపుచ్చుకొనుట వేరు, దొరకినదానిని తన సొత్తుగా చేసికొనుట వేరు. పిల్లలకు పాఠములు చెప్పి కొంత సంపాదించుకొనుచు, విద్యార్థి వేతనముతో మిగిలినది పూరించుకొనుచు, ఆయన ఆ శాస్త్రమును కూలంకషముగా చదివిరి. ఎం.ఏ. పరీక్షకు వేదాంతమందలి నీతిని గూర్చి ఒక సిద్ధాంత వ్యాసము వ్రాసిరి. వేదాంతమున నీతికి చోటు లేదని ఆ కాలమున కొందరు విమర్శించుచుండిరి. ఆ విమర్శకు సమాధానమే ఆ వ్యాసము. తిరుపతి బడిలో నాటుకొన్న ప్రశ్న అప్పటికి మొక్కయైనది. ఆచార్యుడు హాగ్ క్రైస్తవ మత పండితుడయ్యును, శిష్యుని ప్రజ్ఞను మెచ్చుకొనెను. 1908లో ఆ వ్యాసము పుస్తకముగా అచ్చయినది. గ్రంథకర్త వయస్సు ఇరువది సంవత్సరములు.

ఆ పిదప విదేశములకు పోయి చదువుటకు వలయు ధనము లేదు. 1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిరి. కళాశాల సముద్రతీరమున గొప్ప భవనము. కొత్త ఉపాధ్యాయుని ఉద్యోగము మాత్రము చిన్నది. మరుసటి యేట సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పోవలసివచ్చినది. అచ్చట మనస్తత్వ శాస్త్రమున వారికి గల పాండిత్యమును చూచి, వినుటకు వచ్చినవానినే చెప్పుమని ఉపన్యాసములకు నియోగించిరి. ఆ పాఠములనుండియే మనస్తత్వ శాస్త్ర మూలములను గూర్చిన చిన్న పుస్తకము పుట్టి, 1912లో వెలువడినది.

ఈ సంవత్సరములు సుఖమైనవి కావు. ఆ దినములలో అరటియాకు కొనుటకు కూడ డబ్బులేక, నేలను శుభ్రముగా కడిగి దానిపైననే అన్నము పెట్టుకొని తినిరని ఒక కథ ప్రచారములో నున్నది. కథ నిజమైనను కాకున్నను దానిలోనుండి తప్పుడు పాఠము నేర్వరాదు. ఆకలి ఎవ్వరిని పండితునిగా చేయదు. పేదరికము పూజింపదగిన దేవత కాదు. గమనింపదగినది వేరొకటి: ఉన్న కొద్ది రాబడిలో ఆయన దేనిని తగ్గించుకొనిరి, దేనిని తగ్గించుకొనలేదు?

తగ్గించుకొనినవి వేషము, విలాసము. తెల్లని తలపాగా, నిడుపు కోటు, పంచె - ఈ వేషమే ఆయనకు గుర్తుగా జీవితాంతము నిలిచినది. ఆక్సుఫర్డు వేదికపైనను, మాస్కో రాయబార కార్యాలయమునను, ఢిల్లీ రాష్ట్రపతి భవనమునను అదియే. ఊరు మారినప్పుడెల్ల కొత్త వేషము కుట్టించుకొను ఖర్చు ఆయనకు లేకపోయినది. తగ్గించుకొననివి చదువు, వ్రాత. కాగితము, సిరా, తపాలా బిళ్ల - తత్త్వవేత్తకు వలయు పరికరములు ఇంతే. మదరాసులో కూర్చుండి వ్రాసి పంపిన వ్యాసములు విదేశపు నీతిశాస్త్ర పత్రికలలో అచ్చగుచుండెను. భగవద్గీత నీతిని కాంటు నీతితో పోల్చిన వ్యాసము 1911లోను, వేదాంత నీతిని గూర్చినది 1914లోను అట్లు వెలువడినవి. ఓడ టిక్కెట్టు కొనలేని ఉపాధ్యాయుడు తపాలా బిళ్లతో సముద్రము దాటెను.

ఇంటిభారమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఐదుగురు కుమార్తెలు, ఒక కుమారుడు గల ఆ సంసారము శివకామమ్మ గారి చేతులమీదుగా నడచినది. పుస్తకము ముందు కూర్చున్న మనుష్యుని పేరు చరిత్రకెక్కును. ఆ పుస్తకము ముందు అతనిని ప్రశాంతముగా కూర్చుండనిచ్చినవారి పేరు ఇంటిలోనే ఉండిపోవును. ఆమె 1956లో, భర్త ఉపరాష్ట్రపతిగా ఉన్న కాలమున, కన్నుమూసిరి.

ఆ పిదప రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు బదిలీ అయినది. 1918లో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులైరి. ఆ యేడే రవీంద్రనాథుని తత్త్వమును గూర్చిన గ్రంథము వెలువడినది. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయము తత్త్వశాస్త్ర పీఠమునకు ఆహ్వానించినది. మైసూరు విద్యార్థులు గుఱ్ఱములను విప్పివేసి, పూలతో అలంకరించిన బండిని తామే లాగి గురువును రైలు స్టేషనుకు చేర్చిరి. మదరాసులో కొలది జీతముతో పాఠములు చెప్పిన మనుష్యుడు సంపాదించుకొన్న ధనము ఆ బండి త్రాళ్లను పట్టుకొన్న చేతులలో కనబడినది.

తరువాతి కథ లోకవిదితము. భారతీయ తత్త్వశాస్త్రము అను మహాగ్రంథము రెండు సంపుటములుగా 1923, 1927లలో వచ్చినది. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా ఉండిరి. చదువుకొనుటకు పోలేని ఆక్సుఫర్డునకు 1936లో ఆచార్యులై పోయిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయము, విశ్వవిద్యాలయ విద్యా సంఘము, మాస్కో రాయబారము, 1952లో ఉపరాష్ట్రపతి పదవి, 1962లో రాష్ట్రపతి పదవి ఒకదాని వెంట ఒకటిగా వచ్చినవి. రాజ్యాంగము రాష్ట్రపతికి నెలకు 10,000 రూపాయల వేతనమును నిర్ణయించి యుండగా, ఆయన అందులో కొంత భాగమునే తీసికొనిరి. 1975లో, మరణమునకు కొలదికాలము ముందు, టెంపుల్టన్ బహుమానము లభించినది. ఆ సొమ్మును ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. కొనలేక ఉచితముగా పుస్తకములు పుచ్చుకొన్న విద్యార్థి, ధనము వచ్చినపుడు విద్యకే తిరిగి ఇచ్చి ఋణము తీర్చుకొనెను.

ఆయన సన్న్యాసి కాదు. పెద్ద జీతములను నిరాకరింపలేదు. మైలాపూరులో సొంత ఇల్లు కట్టుకొనిరి. 1967లో పదవీ విరమణానంతరము ఆ యింటికే వచ్చి, 1975 ఏప్రిల్ 17వ తేదీన అదే నగరమున దేహము చాలించిరి. అద్దె లెక్కలతో అడుగుపెట్టిన ఊరిలో ఒక రాజవీథి ఆయన పేరు మోయుచున్నది. రాబడి పెరిగినపుడు ఇంటి గోడలు పెరిగినవి, పుస్తకములు పెరిగినవి. అక్కరలు మాత్రము పెరుగలేదు. మితముగా బ్రతుకుట యనగా ఇదియే. లేనపుడు కుదించుకొనుట అందరును చేయునదే. ఉన్నపుడు కూడ ఏది అక్కరయో ఏది కాదో మరువకుండుటయే కష్టము.

1962లో శిష్యులు, మిత్రులు ఆయన జన్మదినమును ఉత్సవముగా జరుపదలచినపుడు, దానిని ఉపాధ్యాయుల దినముగా జరుపుట తనకు గౌరవమని ఆయన తెలిపిరి. నాటినుండి ప్రతి సెప్టెంబరు 5వ తేదీన పాఠశాలలలో పూలమాలలు, ఉపన్యాసములు జరుగుచున్నవి. వాని నడుమ ఆ పేరు తెలియని జ్ఞాతిని కూడ ఒకమారు తలచుకొనుట న్యాయము. అతడు చేసినది గొప్ప దానము కాదు. చదివి ముగించిన పుస్తకములను అటకపై పారవేయక, చదువగల మరియొక బాలుని చేతిలో పెట్టినాడు, అంతే. నేడు తిరుపతి వీధులలో చిన్న గదులు అద్దెకు తీసికొని, నెలాఖరు లెక్కలు చూచుకొనుచు చదువుచున్న పల్లెటూరి విద్యార్థులు వేలమంది కలరు. వారిలో ఎవని చేతికి ఏ పుస్తకము అందవలసి యున్నదో ఎవరు చెప్పగలరు? పరీక్ష ముగిసిన దినమున ప్రతి విద్యార్థియు, ప్రతి ఉపాధ్యాయుడును తన అటకవైపు ఒకసారి చూచుకొనుట మంచిది.