పెద్దలకు ఓనమాలు దిద్దించిన లాబాక్ గారు

కొంతకాలము క్రిందట మేము ఒక పేటలో పెద్దవారి కొరకు రాత్రిబడి నడపితిమి. మొదటి వారమున ఇరువదిమంది వచ్చిరి. నెల తిరుగునప్పటికి నలుగురు మిగిలిరి. మానివేసినవారు సోమరులనియు, చదువు విలువ ఎరుగనివారనియు మేము తలంచి ఊరకుంటిమి. ఆ తలంపు ఎంత పొరపాటో ఫ్రాంక్ చార్లెస్ లాబాక్ గారి జీవితమును చదివిన పిదపగాని మాకు బోధపడలేదు. కావున ఆయన చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

లాబాక్ గారు 1884వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో బెంటన్ అను చిన్న ఊర జన్మించిరి. ప్రిన్‌స్టన్ నందును, న్యూయార్కు నందును విద్య నభ్యసించి, 1915లో కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందిరి. ఆ సంవత్సరమే భార్యయగు ఎఫా గారితో కూడ ఫిలిప్పైన్ దీవులకు మిషనరీగా వెళ్ళిరి. మిండనావో ద్వీపమున లనావో సరస్సు చుట్టును నివసించు మరనావో జనుల నడుమ పనిచేయవలెనని వారి కోరిక. కాని ఆ సీమ అప్పటికింకను శాంతింపలేదు. అందుచేత పెక్కేండ్లు ఇతర స్థలములలో పనిచేసి, తరువాత మనీలా నగరమందలి వేదాంత పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ పాఠశాల అధ్యక్షపదవికి ఎన్నిక జరిగినప్పుడు, తనకు తానే ఓటు వేసికొనుట మర్యాద గాదని ఎదుటివారికి వేసిరనియు, ఆ ఒక్క ఓటు తేడాతోనే ఓడిపోయిరనియు చెప్పుదురు. ఆ ఓటమి వారి మనస్సును చాలకాలము బాధించెను. మహనీయులకు ఇట్టి చిన్న బాధలు ఉండవని మనము తలంపరాదు.

1929 డిసెంబరులో వారు భార్యను, కుమారుని వేరొక చోట నుంచి, ఒంటరిగా సరస్సు తీరమందలి దన్సలాన్ పట్టణమునకు చేరిరి. (ఈ పట్టణమునకే 1956లో మరావీ అని పేరు మార్చిరి.) మరనావో జనులు మహమ్మదీయులు, శౌర్యవంతులు. 1902లో అమెరికా సైన్యము వారితో యుద్ధము చేసి వారి కోటలను పట్టుకొనెను. అమెరికా వాడన్నచో వారికి ఏమి గౌరవముండగలదు? లాబాక్ గారు వారికి మేలు చేయవలెనని వచ్చిరి; వారు ఆయన మేలును కోరలేదు. ఒక నెల గడచినను ఒక్కరును దగ్గరకు రాలేదు.

ప్రతి సాయంకాలమును వారు టిప్ అను తమ కుక్కను వెంటబెట్టుకొని, ఇంటి వెనుకనున్న సిగ్నల్ హిల్ అను కొండ యెక్కి ప్రార్థించుకొనెడివారు. ఒకనాటి సాయంకాలము అచట వారికొక సంగతి స్పష్టమాయెను. తాము ఆ జనులను నిజముగా ప్రేమించుట లేదు. తాము తెల్లవారమనియు, వారికంటె అధికులమనియు లోలోపల భావించుచున్నారు. లోపము జనులయందు గాదు, తమయందే కలదు. మా అభిప్రాయమున వారి జీవితమంతటిలో ముఖ్యమైన ఘడియ ఇదియే. తరువాత వచ్చిన అక్షరపటములును, పాఠములును, కీర్తియు దీని వెంట వచ్చినవే.

వారు కొండ దిగి మహమ్మదీయ గురువుల యొద్దకు పోయి, ఖురానును తమకు నేర్పుడని వేడుకొనిరి. మరునాడు ఆ గురువులు గ్రంథములను చేతబట్టుకొని గుంపుగా వారి యింటికి వచ్చిరి. బోధింపవచ్చినవాడు శిష్యుడై కూర్చుండుటతో అంతవరకు మూసియున్న తలుపు తెరువబడెను. వారి భాషను నేర్చుకొనుటకు ఆ ప్రజలలోని వానినే గురువుగా పెట్టుకొనిరి. వారి పురాతన వీరగాథలను సేకరించిరి. దరంగెన్ అను ఆ గాథలను 2008లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది.

మరనావో భాషకు అప్పటికి అచ్చుపుస్తకములు లేవు. లాబాక్ గారును, దొనాటో గలియా అను ఫిలిప్పైన్ ఉపాధ్యాయులును కలిసి రోమను లిపిలో ఆ భాషను వ్రాయు పద్ధతి నేర్పరచిరి. అంతట వారికొక యుక్తి తోచెను. మలబఙ, కరతస, పగనద అను మూడు మాటలలో ఆ భాషయందలి ముఖ్యమైన హల్లులన్నియు ఇమిడియున్నవి. మలబఙ అనునది వారెరిగిన ఊరి పేరే. ఈ పండ్రెండు అక్షరములను గుర్తించినవాడు అచ్చులను మార్చుచు మిగిలినవానిని తానే చదువుకొనగలడు. నాలుకపైనున్న మాటకు కాగితముపై గుర్తు చూపుటయే ఉపాధ్యాయుని పని. పెద్దవాడు బాలునివలె భాషను క్రొత్తగా నేర్వనక్కరలేదు. అది వానికి వేలకొలది మాటలతో వచ్చియే యున్నది.

ఇక వారు బోధించిన తీరు మాకు ఆ మూడు మాటలకంటె ఎక్కువ విలువైనదిగా తోచుచున్నది. వారు శిష్యుని యెదుట నిలువబడరు, ప్రక్కన కూర్చుందురు. వానికి తెలియని ప్రశ్నను అడుగరు. తామే ముందు చెప్పి, పిమ్మట వానిచేత చెప్పింతురు. తప్పు పలికినచో తప్పని గద్దింపక, సరియైన మాటను మెల్లగా తాము పలుకుదురు. పాఠము చిన్నదిగా నుండవలెను, ఉపాధ్యాయుడు ఆవులింపరాదు, విసుగు ముఖమున కనబడరాదు. బాలుని మందలించినచో వాడు ఏడ్చి మరునాడు మరల వచ్చును, రప్పించుటకు తండ్రి యుండును. పెద్దవానిని నలుగురిలో మందలించినచో వాడు నవ్వి లేచిపోవును, మరల రాడు. దినమంతయు కూలిచేసి అలసిన దేహము, మసకబారిన చూపు, ఈ వయస్సున ఇదేమి చదువని చుట్టుప్రక్కలవారి నవ్వులు, వీనినన్నిటిని దాటి వచ్చి కూర్చున్నవాని గౌరవమును కాపాడుటయే మొదటి పాఠము. మా రాత్రిబడిలో మేము బెత్తము పట్టలేదు గాని, తాతవయస్సువానిని నల్లబల్ల యొద్దకు పిలిచి, అక్షరము తప్పు వ్రాసినప్పుడు తక్కినవారిని దిద్దుమంటిమి. ఆయన ఆ రాత్రి తరువాత రాలేదు.

1930వ దశకపు ఆరంభమున అమెరికాలో ఆర్థికమాంద్యము సంభవించి, మిషను నుండి వచ్చు ధనము తగ్గిపోయెను. ఉపాధ్యాయులకు జీతములిచ్చుటకు దారిలేదు. పని నిలిచిపోవునని లాబాక్ గారు చెప్పగా, కకాయ్ దగలంగన్ అను మరనావో నాయకుడు ఒప్పుకొనలేదు. నేర్చిన ప్రతివాడును మరియొకనికి నేర్పవలెననియు, నేర్పనివాని ప్రాణము దక్కదనియు శాసించెను. ఆ బెదరింపును మేము మెచ్చుకొనము గాని, ఒక్కొక్కరు ఒక్కొక్కరికి నేర్పుట యను ప్రపంచప్రసిద్ధమైన పద్ధతి ఇట్లు పుట్టినది. అది పండితుల సభలో పుట్టలేదు. డబ్బు లేకపోవుట చేత పుట్టినది. నిన్న నేర్చినవాడు నేడు నేర్పునప్పుడు వానికి రెండు లాభములు: తన పాఠము గట్టిపడును, తలయెత్తుకొని నడచును.

1935లో లాబాక్ గారు మన దేశమునకు వచ్చిరి. తరువాతను పలుమారులు వచ్చిరి. 1931 జనాభా లెక్కల ప్రకారము ఇండియాలో నూటికి పదిమందియైన చదువను వ్రాయను నేర్చినవారు లేరు. ఆయన ఇచటి ఉపాధ్యాయులతో కూడి దేశభాషలలో పాఠములను సిద్ధపరచుటకు తోడ్పడిరి. మన లిపులయందు పని అంత సులభము గాదని చెప్పక తప్పదు. మూడు మాటలతో మరనావో లిపి వశమైనట్లు, గుణింతములును ఒత్తులును గల తెలుగు ఒక పూటలో వశము కాదు. ఓర్పు ఎక్కువ కావలెను.

లాబాక్ గారు నూటికి పైగా దేశములలో ఈ పనికై తిరిగిరి. ఇట్టి ఉద్యమములలో అక్షరాస్యులైనవారి లెక్కలు పెద్దవిగా చెప్పబడుచుండును. వానిని చూచి మేము అంతగా సంతసింపము. సంతకము నేర్చి, చదువుటకేమియు దొరకక, రెండేండ్లలో అన్నియు మరచినవారిని మేమెరుగుదుము. ఈ సంగతి లాబాక్ గారికి తెలియును. అందుచేతనే దన్సలాన్‌లో అచ్చుయంత్రము పెట్టి, క్రొత్తగా నేర్చినవారి కొరకు వారి భాషలో ఒక పత్రికను నడపిరి. తేట మాటలలో చిన్న పుస్తకములు వ్రాయుట నేర్పు పనికి పిమ్మట చాల శ్రమించిరి. 1955లో అమెరికాలోని సిరక్యూస్ నగరమున తమ సంస్థను స్థాపించి, 1970 జూన్ 11వ తేదీన పరమపదించిరి. 1984లో, ఆయన శతజయంతి సంవత్సరమున, అమెరికా తపాలాశాఖ వారి చిత్రముతో ముప్పది సెంట్ల బిళ్ళను వెలువరించెను.

ఈ చరిత్రను చదివిన పిమ్మట మేము ఆ తాతగారి యింటికి పోయి క్షమింపుమని అడిగితిమి. ఆయన నవ్వి, మాకు మజ్జిగ ఇప్పించిరి గాని బడికి రాలేదు. రాత్రిబడి మరల ఆరంభించినప్పుడు పదునొకండుగురు చేరిరి. ఇప్పుడు నల్లబల్ల గోడకు చేరవేసి యున్నది. మేము చాపమీద వారి ప్రక్కనే కూర్చుందుము. వారిలో ఆకుకూరలమ్ము ఒక తల్లి మొన్న తన రేషను కార్డును తెచ్చి, అక్షరము వెంట అక్షరము కూడబలుకుకొని చదివి, అందు తన భర్త పేరు తప్పుగా అచ్చుపడినదని మాకు చూపెను. ఇన్నియేండ్లుగా ఆ కార్డు ఆ యింటనే యున్నది.